పెరటి పంచాంగము

అదునెరిగి సేద్యము, పదునెరిగి పైరు అని తెలుగు రైతు నాలుగు మాటలలో చెప్పినదానిని వివరింపవలెనన్న ఒక గ్రంథమే కావలసివచ్చును. పదునన నేలయందలి తగినంత తడి. అది చేతికి తెలియును. పిడికెడు మన్ను తీసి నొక్కినపుడు ఉండకట్టి, వ్రేలితో తాకినపుడు విడిపోయినచో పదునున్నదని చిన్నపిల్లవాడైనను చెప్పగలడు. అదను అట్లు చేతికి చిక్కునది కాదు. అది సూర్యుని నడకలో, గాలి మళ్ళుటలో, పగటి పొడవులో దాగియుండును. పొలము దున్ను రైతునకు ఈ రెండును తెలియును. పెరటిలో నాలుగు పాదులు పెట్టుకొను గృహస్థునకు సాధారణముగా మొదటిది మాత్రమే తెలియును. అతని శ్రమలో సగము వ్యర్థమగుటకు కారణమిదియే.

పట్టణములలో ఏటేట జరుగు కథ యొకటి కలదు. తొలకరి చినుకు పడగానే గృహస్థునకు ఉత్సాహము పుట్టును. అంగడికి పోయి పది రకముల విత్తనపు పొట్లములు తెచ్చును. బీర, సొర, బెండ, కొత్తిమీర, ముల్లంగి, క్యాబేజీ - అన్నిటిని ఒక్క ఆదివారమే విత్తివేయును. శ్రావణ భాద్రపదములలో బీరకాయలు ఇంటిల్లిపాదికి వెగటు పుట్టునంతగా కాయును. ఇరుగుపొరుగులకు పంచిపెట్టినను తరుగవు. కొత్తిమీర ముసురుకు కుళ్ళిపోవును. ముల్లంగి దుంప ఊరక ఆకును పెంచును. క్యాబేజీ గడ్డకట్టకమునుపే పురుగుపాలగును. కార్తికము నాటికి తీగలెండి పందిరి బోసిపోవును. సరిగా కూరలు పుష్కలముగా పండవలసిన చలికాలమున ఆ పెరడు బీడుపడియుండును. అప్పుడా గృహస్థు “మా నేల మంచిది కాదు” అని తీర్పు చెప్పి ఊరకుండును. పాపము, నేల చేసిన తప్పేమియు లేదు. తప్పినది అదను.

ఇది యొక ముచ్చటకు సంబంధించిన విషయము మాత్రమే యని తలంపరాదు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార నియమములలో పెద్దవారొక్కొక్కరికి దినమునకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావలెనని చెప్పబడినది. నలుగురున్న ఇంటికిది దినమునకు 1,600 గ్రాములు, నెలకు 48 కిలోలు. ఇంటివెనుక పదిగజముల నేల దీనినంతయు ఈయజాలదు. కాని ఈయగలిగినదానిని ఏడాది పొడవున కొంచెము కొంచెముగా ఈయవలెనా, ఒక నెలలో గుట్టలుగా పోసి తక్కిన నెలలలో అంగడికి పంపవలెనా అనునది విత్తువాని చేతిలో నున్నది.

కార్తె యననేమి?

తెలుగువారు పండుగలకు తిథులను, విత్తులకు కార్తెలను నమ్ముకొనిరి. ఈ విభజనలో గొప్ప వివేకమున్నది. చాంద్రమాన సంవత్సరమునకు 354 దినములు. ఋతువులను నడిపించు సూర్యుని సంవత్సరమునకు 365 దినములు. ఈ పదునొకండు దినముల లోటు పేరుకొని పేరుకొని అధికమాసముతో తీరును. అందుచేతనే ఉగాది 2021లో ఏప్రిల్ 13న రాగా, 2026లో మార్చి 19ననే వచ్చినది. “ఉగాది వెళ్ళిన పదియవనాడు విత్తుదము” అని నియమము పెట్టుకొన్నవాడు ఒక యేటికిని మఱొక యేటికిని ఇరువదియైదు దినములు తప్పిపోవును. తొంబది దినములు బ్రతుకు బెండమొక్కకు ఇరువదియైదు దినములన పావు ఆయుర్దాయమునకు మించినది.

కార్తె యట్లు కాదు. సూర్యుని మార్గమును ఇరువదియేడు నక్షత్రములకు పంచి, ఆయా నక్షత్రమున సూర్యుడుండు పదుమూడు పదునాలుగు దినములకు ఆ పేరు పెట్టిరి. కావున రోహిణి మే 25 ప్రాంతమున, మృగశిర జూన్ 8 ప్రాంతమున, ఆరుద్ర జూన్ 22 ప్రాంతమున, మఖ ఆగస్టు 17 ప్రాంతమున, హస్త సెప్టెంబరు 27 ప్రాంతమున, స్వాతి అక్టోబరు 24 ప్రాంతమున ఏటేట తప్పక వచ్చుచుండును. రోహిణిలో రోళ్ళు పగులుననియు, మృగశిర కురిసిన ముసలియెద్దు సయితము ఱంకెవేయుననియు పుట్టిన సామెతలు ఎండవానల దినచర్యలే.

అయినను కార్తెను వేదవాక్యముగా గ్రహింపరాదు. నక్షత్రములనుబట్టి లెక్కించు సంవత్సరము ఋతువులనుబట్టి లెక్కించు సంవత్సరముకంటె ఇంచుమించు ఇరువది నిమిషములు పెద్దది. సుమారు డెబ్బదియేండ్లకొక దినము చొప్పున కార్తెలు ఋతువులలో వెనుకకు జరుగుచుండును. బృహత్సంహితలో వృక్షాయుర్వేదమున కొక అధ్యాయము కేటాయించిన వరాహమిహిరుడు ఆఱవ శతాబ్దివాడు. ఆయన కాలమునుండి నేటివఱకు ఈ జరుగుబాటు మూడు వారములైనది. అనగా నాటి మృగశిర నేటి మృగశిరకంటె మూడు వారములు ముందుగా, ఎండలు మెండుగా నున్నపుడే వచ్చెడిది. కార్తెల సామెతలు తరతరముల చూపుచేత దిద్దబడుచు వచ్చినవే గాని ఆకాశమునుండి ఊడిపడినవి కావు. చూపు మానినవానికి సామెత తోడురాదు.

వెనుకకు నడచు లెక్క

పెరటిసాగులో మొదట నేర్వవలసిన లెక్క వెనుకకు నడచునది. ఏ కూర ఏ నెలలో కావలెనో ముందుగా నిశ్చయించుకొని, ఆ పైరుకు పట్టు దినములను తీసివేసి, విత్తుదినమునకు చేరవలెను. మెంతికూర ఇరువదియైదు ముప్పది దినములలో కోతకు వచ్చును. ముల్లంగికి నలువది దినములు, బెండకు నలువదియైదు నుండి ఏబది, బీర సొర కాకరలకు ఏబది నుండి అఱువది, క్యారట్టుకు ఎనుబది నుండి నూఱు దినములు పట్టును. వంగను నారుమడిలో ముప్పది దినములుంచి నాటిన పిదప, కాయ తెగుటకు మఱి రెండు నెలలు పట్టును. కందకు ఏడెనిమిది నెలలు. కార్తికమాసమున కందబచ్చలి కూర వండవలెనను ఇల్లాలు వేసవి మొదటనే కందపిలకను భూమిలో పెట్టియుండవలెను.

రెండవ సూత్రము విడతలు. కొత్తిమీర, మెంతి, తోటకూర, ముల్లంగి వంటివానిని మడియంతయు ఒక్కనాడు చల్లరాదు. మడిని మూడుగా చేసి, పదునైదు దినముల ఎడముతో, అనగా కార్తెకొక పాలు చొప్పున చల్లినచో, మూడవపాలు కోతకు వచ్చునప్పటికి మొదటిపాలు మరల విత్తుటకు సిద్ధమగును. కార్తె యొక్క పొడవు ఇందులకు కొలిచి పెట్టినట్లు సరిపోవును.

తొలకరి

రోహిణి ఎండలలో చేయవలసిన పని విత్తుట కాదు, నేలను సిద్ధపఱచుట. పాదులకై మూరెడు లోతున గుంటలు త్రవ్వి, వారము పదిదినములు ఎండనిచ్చినచో మట్టిలోని పురుగు, తెగులు చాలవఱకు నశించును. తరువాత మాగిన పెంటయెరువు కలిపి పూడ్చవలెను. మృగశిర, ఆరుద్రలలో నేల రెండుజానల లోతు తడిసిన పిమ్మట బీర, సొర, పొట్ల, కాకర, గుమ్మడి గింజలను పాదునకు మూడు నాలుగు చొప్పున పెట్టి, మొలిచిన తరువాత బలమైన రెంటిని మాత్రముంచి తక్కినవానిని తీసివేయవలెను. పందిరిని తీగ సాగకమునుపే వేయవలెను. నేలపై నల్లుకొన్న తీగను లేపి పందిరి కెక్కించుట వృథాప్రయాస. బెండ, గోరుచిక్కుడు, గోంగూర ఈ కాలమున నేరుగా విత్తదగినవి. వంగ, మిరప నారుపోయుటకును ఇదే సమయము.

పాదులు పెట్టినవారికి మొదటి పూత మొదటి నిరాశగా పరిణమించుట కలదు. పూవులు పూసి పూసి రాలుచుండును, పిందె కానరాదు. ఇది తెగులు కాదు. ఈ తీగలలో మగపూలు, ఆడుపూలు వేఱువేఱుగా పూయును. మొదట వచ్చునవి మగపూలే. ఆడుపూవు అడుగున చిన్నపిందె ఆకారముండును. పగలు పొడుగై వేడి హెచ్చుగా నున్నపుడు మగపూలును, పగలు కుఱుచయై చల్లబడినపుడు ఆడుపూలును హెచ్చును. ఓర్పులేక తీగను పీకివేసినవాడు పదిదినములలో రానున్న కాపును పీకివేసినవాడగును.

చిక్కుడు చెప్పు పాఠము

పెరటి మొక్కలన్నిటిలో కాలజ్ఞానము హెచ్చుగా కలది చిక్కుడు. పందిరిచిక్కుడును ఆషాఢమున పెట్టినను శ్రావణమున పెట్టినను ఇంచుమించు ఒకేసారి పూయును. ముందుగా పెట్టినవానికి తీగ హెచ్చుగా సాగును, అంతే. మాఘము గడచిన పిదప పెట్టినచో వేసవియంతయు పచ్చగా అల్లుకొని, ఒక్క పూవైనను పూయక యజమానిని వెక్కిరించును. తరతరములుగా ఇల్లాండ్రెఱిగిన ఈ వింతకు కారణమును 1920లో అమెరికా శాస్త్రజ్ఞులు గార్నరు, అల్లార్డులు పొగాకు, సోయాచిక్కుడు మొక్కలను పరిశీలించి బయటపెట్టిరి. కొన్ని మొక్కలు పూయుటకు పగటి పొడవు ఒక మేరకు తగ్గవలెను. తెలుగు నేలపై దీర్ఘతమమైన పగటికిని హ్రస్వతమమైన పగటికిని భేదము రెండు గంటలు మాత్రమే. ఆ రెండు గంటల తేడాను చిక్కుడాకు పసికట్టగలదు.

ఆచారము కూడ ఈ సత్యమునే చెప్పుచున్నది. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథము కట్టి, చిక్కుడాకులలో సూర్యునకు పరమాన్నము నివేదింతురు. పగలు మరల పెరుగుట ఆరంభించిన దినములలో, పగటి కుఱుచదనమువలన కాచిన కాయను సూర్యునకే సమర్పించుట ఎంత సముచితము! పగటి పొడవుతో నిమిత్తములేక ఏ కాలమందైనను కాయు అర్కా జయ, అర్కా విజయ వంటి పొదచిక్కుడు రకములను బెంగుళూరునందలి ఉద్యాన పరిశోధనాసంస్థవారు తయారుచేసిరి. వేసవిలో చిక్కుడు కావలెననువారు గింజ కొనునపుడే ఈ భేదమును గుర్తింపవలెను.

పేరులలోని తికమక సయితము అదను తప్పించుట కలదు. విశాఖ, శ్రీకాకుళ ప్రాంతములలో ఆనపకాయ యన్నచో సొరకాయ. చిత్తూరు ప్రాంతమున అనపకాయ యన్నచో చిక్కుడుజాతి గింజకాయ. దీర్ఘమొక్కటియే భేదము! ఒకటి రెండు నెలలలో కాచు తీగ, మఱొకటి చలికై వేచియుండు పైరు. తెలంగాణమున గోకరకాయ యనునది కోస్తాలో గోరుచిక్కుడు. అక్కడి పుంటికూర ఇక్కడి గోంగూర. ఊరు మాఱినవారు గింజను చూచి విత్తవలెను గాని పేరు విని విత్తరాదు.

చలికాలపు మడులు

మఖ, పుబ్బ కార్తెలలో పందిరిక్రింద తొలకరి కూరలు కోయుచున్నపుడే చలికాలపు ఆలోచన సాగవలెను. పెరటిసాగులో ఎక్కువమంది తప్పు చేయునది ఇచ్చటనే. చేతినిండ కాయలున్నపుడు మూడు నెలల తరువాతి మాట తోచదు. కాని టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవరు నారును ఆగస్టు చివరనుండి సెప్టెంబరులోగా ఎత్తయిన మడిలో పోసి, జడివానకు దెబ్బతినకుండ పైన చాప కప్పు ఏర్పఱచినచో, హస్త చిత్తలలో నాటుటకు నారు సిద్ధముగా నుండును.

కాలీఫ్లవరు ఈ దేశపు మొక్క కాదు. 1822లో ఇంగ్లండునుండి దాని విత్తనమును సహరాన్‌పూరు తోటకు తెచ్చిరి. అటుతరువాత ఉత్తరదేశపు రైతులు ఏటేట ఎండకు నిలిచిన మొక్కలనుండియే గింజలు తీసి వేడికోర్చు రకములను రూపొందించిరి. అందుచే నేడు దీనిలో ముందురకములు, వెనుకరకములు అని భేదమున్నది. వెనుకరకమును ముందుగా నాటినచో ఆకులే పెరుగును. ముందురకమును ఆలసించి నాటినచో గుండీయంత పూవు కట్టి ఆగిపోవును. విత్తనము మంచిదే, రైతు మంచివాడే. కలయిక మాత్రము తప్పు.

క్యారట్టు, బీట్‌రూటు, ముల్లంగులను నాటిన చోటనే విత్తవలెను. క్యారట్టును పీకి నాటినచో వేరు చీలి వంకరపోవును. ధనియములను ఊరక చల్లరాదు. ఒక్కొక్క కాయలో రెండు గింజలుండును గనుక, చెప్పుతోనో చెక్కతోనో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లవలెను. కొత్తిమీర, మెంతి, పాలకూరలకు స్వాతినుండి మాఘమువఱకు మంచికాలము. ఎండ ముదిరిన తరువాత చల్లిన కొత్తిమీర ఆకు పెట్టకమునుపే పూతకు వచ్చును. టమాటా సయితము చల్లని రాత్రిని కోరును. రాత్రి యుక్క హెచ్చినచో పూత రాలిపోవును.

ప్రాంతభేదమును మఱువరాదు. ఆదిలాబాదున చలిరాత్రులు 10 డిగ్రీలకు దిగువకు పోవును. అచట క్యాబేజీ, కాలీఫ్లవరులు కన్నులపండువుగా పండును. సముద్రతీరమున చలి మృదువుగా నుండుటచే ముందురకములే మేలు. నెల్లూరువంటి దక్షిణకోస్తా ప్రాంతమున అక్టోబరు, నవంబరులలో ఈశాన్యఋతుపవనముల వానలు పడును గనుక నాట్లను కొంత ఆలసింపవలెను. అనంతపురమున తొలకరికంటె సెప్టెంబరు వాన హెచ్చు. అచటివారు మృగశిరను చూచి గాక మేఘమును చూచి విత్తవలెను. ఎత్తయిన ప్రదేశమునందున్న మదనపల్లెలో టమాటా ఇంచుమించు ఏడాది పొడవున పండును. ఒకరి పంచాంగము మఱొకరి పెరటికి పనికిరాదనుట కింతకంటె నిదర్శనము కావలయునా?

వేసవి

సంక్రాంతి వెళ్ళిన తరువాత ఫిబ్రవరి లోపల బెండ, దోస, సొర, బీర, కాకర, గోరుచిక్కుడులను మరల విత్తవచ్చును. మార్చి దాటినచో పూత వడగాలికి గురియగును. వేసవి బెండకు తెల్లదోమ తెచ్చు పల్లాకుతెగులు ప్రబలశత్రువు. ఆకుల ఈనెలు పసుపుపచ్చనైన మొక్కను వెంటనే పీకివేయుటయు, తెగులునకోర్చు రకమును విత్తుటయు తప్ప వేఱు మార్గము లేదు. తోటకూర, గోంగూర, బచ్చలి ఎండకు వెరవవు. వంటయింట బియ్యము, కూరలు కడిగిన నీరు పాదులకు చాలును. మొదళ్ళచుట్టు ఎండుటాకు, గడ్డి పఱచినచో ఒకనాటి తడి రెండునాళ్ళుండును.

బడితోట

ఇంటిపెరటికన్న బడితోటకు ఈ లెక్క మఱింత ముఖ్యము. మధ్యాహ్నభోజన పథకమునకు తోడుగా బడులలో కూరతోటలు పెంచవలెనని కేంద్రప్రభుత్వము 2019లో మార్గదర్శకములు పంపినది. చాలచోట్ల తోటలు మొదలైనవి. కొన్నిచోట్ల వేసవిసెలవులకు ఎండిపోయి, కంచె మాత్రము మిగిలినది. నీరుపోయు చేతులు ఇండ్లకు పోయినపుడు మొక్క బ్రతుకుట యెట్లు? దీనికి పిల్లలను, ఉపాధ్యాయులను తప్పుపట్టుటకంటె విత్తుదినమును సరిచూచుకొనుట మేలు.

తెలుగునాట బడులు జూన్ రెండవ వారమున తెఱచుట వాడుక. అనగా విద్యాసంవత్సరమును మృగశిరకార్తెయు ఇంచుమించు కలిసియే వచ్చును. ఇంతకన్న మంచి ముహూర్తము వెదకినను దొరకదు. మొదటివారమున పాదులు పెట్టినచో ఆగస్టు 15 జెండాపండుగ నాటికి బీరకాయ కోయవచ్చును. దసరా సెలవులకు ముందు చలికాలపు నారు పోసినచో, సెలవుల పిమ్మట నాటవచ్చును. ఆ పదిపదునైదు దినములు నారుమడికి నీరు పోయుటకు బడిదగ్గఱ నివసించు పిల్లలను నియమించుట చాలును. జనవరి చివర బెండ, తోటకూర విత్తినచో ఏప్రిల్ మూడవ వారములోగా కాపు ముగియును. తరువాత కొత్త విత్తేమియు వేయరాదు. ముదిరిన బీర, బెండకాయలను గింజకై ఎండబెట్టి, మడులను తిరుగగొట్టి రోహిణి ఎండలకు వదలివేయవలెను. వానకాలమున కొమ్మనాటి పెంచిన మునగ, గట్టున కరివేపాకు ఆ రెండు నెలలు తమంతట తాము తోటను కాచుకొనును.

పిల్లలచేత చేయింపదగిన పని మఱొకటి కలదు. ఒక పుస్తకమున ప్రతి విత్తునకు ఒక పుటను కేటాయించి - విత్తిన తేది, కార్తె, మొలకెత్తిన దినము, తొలిపూత, తొలికాపు, కడపటికోత - ఈ ఆఱు విషయములను వ్రాయింపవలెను. ప్రక్కన వానపడిన దినములను గుర్తింపవలెను. మొదటియేడు అది అంకెల పట్టిక. మూడవయేటికి ఆ ఊరి నేలకు, ఆ ఊరి గాలికి సరిపోవు పంచాంగమగును. గణితము, ప్రకృతిశాస్త్రము, మాతృభాష మూడును ఒక్క మడిలో నేర్వవచ్చును.

ఇట్టి పుస్తకము నేడు కావలసివచ్చుటకు కారణము గలదు. తొలకరి ఒక యేడు ముందుగా, ఒక యేడు ఆలస్యముగా వచ్చుచున్నది. జూన్ తడిపినదానిని జూలై ఎండగట్టుచున్నది. పాతసామెత యొక్కటియే చాలదు. విత్తనపు పొట్లముపై అచ్చువేసిన కాలము దేశమంతటికి చెప్పినది, అదియు చాలదు. పూర్వము ఈ రెంటి నడుమ ఇంటిలో ముసలమ్మ యుండెడిది. బూడిదలో కలిపి కుండలో దాచిన గింజను తీసి, ఆకాశమును చూచి, “ఇప్పుడు కాదు, ఇంకొక వాన పడనిమ్ము” అని చెప్పెడిది. ఆమె మాటను వ్రాసిపెట్టుకొన్న వారరుదు. ఆమెతోబాటే ఆ ఊరి అదనుకూడ వెళ్ళిపోవుచున్నది. అంగడిలో గింజ దొరకును గాని ఆ మాట దొరకదు.

గుమ్మడిపూవు తెలుగు ఆడుబిడ్డలకు రెండుసార్లు కావలెను. ఆశ్వయుజమున తెలంగాణపు బతుకమ్మపై ఒకసారి, ధనుర్మాసమున వాకిటి గొబ్బెమ్మపై మఱొకసారి. ఒకే పూవు గాని రెండు విత్తులు. బతుకమ్మకు పూయవలెనన్న జూలైలో గింజ పెట్టవలెను. గొబ్బెమ్మకు పూయవలెనన్న హస్త, చిత్త కార్తెలలో పెట్టవలెను. పండుగ ముందునాడు పూవుకై ఊరంతయు తిరుగు పిల్లకు ఎవరైనను ఈ లెక్క చెప్పినచో, మఱుసటియేడు ఆమె తన పెరటినుండియే పూవు తెచ్చుకొనును.